సెర్చ్ బాక్స్‌లో పాత ఫలితాలు కొత్తవాటి మీద వచ్చి పడుతున్నాయి: ఈవెంట్ స్ట్రీమ్‌ను ఎలా కట్టాలి?

ప్రశ్న

నమస్కారం. బెంగళూరులో ఒక చిన్న బృందంలో పనిచేస్తున్నాను. బస్ స్టాపుల పేర్లు వెతికే పేజీని ఆర్ఎక్స్‌జేఎస్‌తో (వరుసగా వచ్చే ఈవెంట్లను స్ట్రీమ్‌గా, అంటే ప్రవాహంగా, నడిపే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) రాశాము. బాక్స్‌లో టైప్ చేసినప్పుడల్లా వచ్చే ఇన్‌పుట్ ఈవెంట్లను స్ట్రీమ్‌గా తీసుకుని, మెర్జ్‌మ్యాప్ అనే ఆపరేటర్ (వచ్చిన ప్రతి విలువకూ ఒక పని మొదలుపెట్టేది) ద్వారా సర్వర్‌కు రిక్వెస్ట్ పంపి, వచ్చిన జాబితాను కింద చూపిస్తున్నాము. ఆఫీసు వైఫైలో ఏ ఇబ్బందీ లేదు. ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో ‘మారతహళ్లి’ అని కొడితే మాత్రం సరైన జాబితా ఒక్క క్షణం కనబడి, ఆ వెంటనే ‘మా’తో మొదలయ్యే స్టాపులన్నీ వచ్చి దాన్ని తుడిచేస్తున్నాయి. మరో సంగతి: ఎం.జి. రోడ్డు దాటి మెట్రో భూగర్భంలోకి దిగినప్పుడు ఒక్క రిక్వెస్ట్ విఫలమైతే చాలు, సిగ్నల్ తిరిగి వచ్చినా పేజీ రీలోడ్ చేసేదాకా సెర్చ్ పలకడం లేదు. డిబౌన్స్‌టైమ్ (టైపింగ్ కాసేపు ఆగాకే విలువను ముందుకు పంపేది) 300 మిల్లీసెకన్లు పెట్టి చూశాను. మొదటి తప్పు తగ్గింది గాని పోలేదు. రెండూ ఒకే లోపమా, వేర్వేరా?

సమాధానం 1

వేర్వేరండీ. ముందుగా మొదటిది చూద్దాం. ‘మారతహళ్లి’ కంటికి ఐదు అక్షరాలే అయినా యూనికోడ్‌లో 9 కోడ్ పాయింట్లు (ఒక్కో గుర్తుకు ఇచ్చే సంఖ్యలు); ‘ళ్లి’ ఒక్కదానికే ళ, పొల్లు, ల, గుడి కలిపి నాలుగు. ఒక్కో మీటకు ఒక్కో ఈవెంట్ వస్తే తొమ్మిది రిక్వెస్టులు వెళ్తాయి, మెర్జ్‌మ్యాప్ వాటిలో దేనినీ ఆపదు, జవాబులు ఏ వరుసలో చేరితే ఆ వరుసలోనే మీ చేతికిస్తుంది. డిబౌన్స్ రిక్వెస్టుల సంఖ్యను తగ్గిస్తుందే తప్ప జవాబుల వరుసకు పూచీ పడదు.

ఇక్కడ కావలసింది స్విచ్‌మ్యాప్: కొత్త పదం రాగానే పాత రిక్వెస్టును వదిలేస్తుంది. రిక్వెస్ట్ పంపడానికి ఆర్ఎక్స్‌జేఎస్ ఇచ్చే ఫ్రమ్‌ఫెచ్ వాడితే పాత రిక్వెస్ట్ నిజంగానే రద్దవుతుంది. మామూలు ప్రామిస్‌ను (తరువాత రాబోయే జవాబుకు జావాస్క్రిప్ట్ ఇచ్చే హామీ) చుట్టి ఇస్తే అది వెనుక నడుస్తూనే ఉంటుంది, దాని ఫలితాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఒకటి ముగిశాకే మరొకటి మొదలుపెట్టే కాన్‌క్యాట్‌మ్యాప్ వరుస తప్పదు గాని, తొమ్మిదో జవాబు కోసం ముందరి ఎనిమిదీ ముగిసేదాకా కాచుకోవాలి.

అడగకపోయినా ఒక మాట. రెండు అక్షరాలకు తక్కువైతే వెతకవద్దని చాలామంది స్విచ్‌మ్యాప్‌కు ముందే ఫిల్టర్ పెడతారు. అప్పుడు బాక్స్‌ను ఖాళీ చేసిన వార్త స్విచ్‌మ్యాప్‌కు చేరనే చేరదు, పాత రిక్వెస్ట్ రద్దు కాదు, ఖాళీ బాక్స్ కింద స్టాపుల జాబితా తేలుతుంది. ఆ పరీక్షను స్విచ్‌మ్యాప్ లోపలే చేసి, పదం చిన్నదైతే ఖాళీ జాబితా ఇవ్వండి.

సమాధానం 2

రెండో దాని సంగతి: అబ్జర్వబుల్ (ఆర్ఎక్స్‌జేఎస్‌లో స్ట్రీమ్‌కు పేరు) ఒకసారి ఎర్రర్ ఇచ్చిందంటే ఆ తరువాత ఇంకేమీ ఇవ్వదు. ఎర్రర్‌ను పట్టుకునే మీ క్యాచ్‌ఎర్రర్ బహుశా ఆపరేటర్ల గొలుసు చివర ఉండి ఉంటుంది. అక్కడ పట్టుకునేసరికి మీటల స్ట్రీమ్‌తో సంబంధం తెగిపోయి ఉంటుంది. దాన్ని స్విచ్‌మ్యాప్ లోపల, రిక్వెస్టుకే తగిలిస్తే ఆ ఒక్క రిక్వెస్టే పోతుంది, సెర్చ్ బతికే ఉంటుంది.

సమాధానం 3

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తాను గాని, ఆపరేటర్ల పేర్ల కన్నా ముందు తేల్చుకోవలసినది ఒకటుంది. 1997లో కంప్యూటర్ శాస్త్రవేత్తలు కోనల్ ఇలియట్, పాల్ హుడాక్ ఫంక్షనల్ రియాక్టివ్ యానిమేషన్‌ను (కాలంతో మారే విలువలతో యానిమేషన్ రాసే పద్ధతి) ప్రతిపాదించినప్పుడు, ఎప్పుడు చూసినా ఏదో ఒక విలువ ఉండేదాన్ని బిహేవియర్ అనీ, ఫలానా క్షణంలో జరిగేదాన్ని ఈవెంట్ అనీ విడదీశారు. ఆర్ఎక్స్‌లో రెండూ అబ్జర్వబుల్స్‌గానే కనిపిస్తాయి కాబట్టి ఆ తేడాను మనమే మనసులో పెట్టుకోవాలి. మీ పేజీలో తెలుగు, కన్నడల మధ్య మార్చే బటన్ ఉందనుకుందాం. భాష మారగానే మళ్లీ వెతకాలంటే కంబైన్‌లేటెస్ట్ (ఏ స్ట్రీమ్ మారినా అన్నిటి తాజా విలువలూ ఇచ్చేది). ‘సేవ్’ నొక్కిన క్షణాన ఏ భాష ఉందో తెలిస్తే చాలనుకుంటే విత్‌లేటెస్ట్‌ఫ్రమ్ (ప్రధాన స్ట్రీమ్ పలికినప్పుడే మిగతావాటి తాజా విలువ ఇచ్చేది). ఈ రెండింటినీ తారుమారు చేసిన కోడ్‌ను చెన్నైలో నా పాత ఉద్యోగంలో నెలల తరబడి మోశాను: భాష మార్చినప్పుడల్లా ఎవరూ నొక్కకుండానే సేవ్ అయ్యేది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. క్యాచ్‌ఎర్రర్‌ను లోపలికి మార్చాక ఈ రోజు మెట్రోలో సెర్చ్ తనంతట తానే కోలుకుంది. ఫిల్టర్ తప్పు మా కోడ్‌లోనూ ఉంది, సరిచేశాను. భాష బటన్ నిజంగానే ఉందండీ, పైగా అది పదాన్ని కూడా ఖాళీ చేస్తుంది. అందుకని కంబైన్‌లేటెస్ట్ పెట్టగానే ఒక్క నొక్కుకు రెండుసార్లు పలికింది, మొదటిసారి కొత్త భాషతో, పాత పదంతో. డిబౌన్స్‌టైమ్‌ను కంబైన్‌లేటెస్ట్ తరువాతకు జరిపితే ఆ మధ్య విలువ రాలిపోయింది.