అప్‌డేట్: కొత్త రూటర్‌లో వైఫై ఉన్నా నెట్ రాని సమస్య తీరింది

పాత రూటర్ తీసి కొత్తది పెడితే వైఫై కనెక్ట్ అవుతోంది కానీ నెట్ రావట్లేదని అడిగాను కదా, ఇప్పుడు వస్తోంది. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

అసలు కారణం మ్యాక్ బైండింగ్. మా కనెక్షన్ నెట్ కంపెనీ దగ్గర పాత రూటర్ మ్యాక్ అడ్రస్‌కే (పరికరాన్ని గుర్తించే నంబర్) ముడిపడి ఉంది. అందుకే పీపీపీఓఈ (నెట్ కంపెనీకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సరిగ్గా ఉన్నా వ్యాన్ ఐపీ (రూటర్‌కి బయటి నెట్ వైపు వచ్చే అడ్రస్) దగ్గర 0.0.0.0 అనే, అంటే అడ్రస్ రాలేదనే చూపించేది. పాత రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ కింద ఉన్న మ్యాక్ రాసుకుని, కొత్తదాంట్లో 'మ్యాక్ క్లోన్' (వేరే పరికరం మ్యాక్‌ని వాడుకునే సెట్టింగ్) దగ్గర ఇచ్చి సేవ్ చేయగానే ఐపీ వచ్చేసింది. రూటర్ స్టిక్కర్ మీది మాత్రం ఇవ్వకండి, మా దాంట్లో అది లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్ వైపు) మ్యాక్, చివరి అంకె వేరు.

తర్వాత కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే కొత్త మ్యాక్‌నే నమోదు చేశారు, క్లోన్ తీసేశాను. కేబుల్ మార్చడం, డీఎన్ఎస్ (సైట్ల పేర్లకి ఐపీ అడ్రస్ వెతికే సర్వర్) 8.8.8.8 పెట్టడం, ఫ్యాక్టరీ రీసెట్ వీటితో దీనికి సంబంధమే లేదు.