ఏసీ మెకానిక్ పని మూణ్ణెల్ల పంటేనా, ఏడాదంతా అన్నం పెడుతుందా?

పదో_తరగతి_నాన్న:
ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడు రెండేళ్లు. పదో తరగతి పాసైన పిల్లాణ్ణి అందులో చేర్చడం మంచిదేనా? ఏసీ లేని వీధి లేదు, పనికి కొదవేంటి అని కొందరంటున్నారు. జూన్‌లో నాలుగు చినుకులు పడితే మళ్లీ శివరాత్రి దాకా గోళ్లు గిల్లుకోవాల్సిందే అని ఇంకొందరు. ఈ పనిలో ఉన్నవాళ్లు చెప్పండి.

గేజ్_మానిఫోల్డ్:
రెండోవాళ్లదే నిజం, నాన్నగారూ. మే నెలలో ఒక్క మనిషి రోజుకు ఆరేడు కాల్స్ చూస్తాడు. ఆగస్టులో ఒకటి దొరికితే పండగ. సర్వీస్ సెంటర్లో చేరినా చాలాచోట్ల నెల జీతం కాదు, కాల్‌కి ఇంత అని లెక్క. పెట్రోలు, ఫోను మన జేబులోంచే. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి పని పెరుగుతుంది అంటారు. పెరిగిన పనికి రెట్టింపు మంది దిగుతారు, ఫిట్టింగ్ రేటు అక్కడే ఉంటుంది. శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ ఫ్యాక్టరీలు ఉన్నాయిగా అని కూడా అంటారు. అక్కడిది అసెంబ్లీ లైను పని, మెకానిక్ పని కాదు.

ఐదొందల_మైక్రాన్:
రేటు పెరగకపోవడానికి సగం కారణం మన చేతి పనే అన్నా. కస్టమర్‌కి మనకూ, నిన్న మొన్న స్పానర్ పట్టినవాడికీ తేడా కనపడకపోతే ఎవడు తక్కువ చెబితే వాణ్ణే పిలుస్తాడు.

ఆర్32 గ్యాసు వాడే స్ప్లిట్ ఏసీ బిగించడమే తీసుకో. పైపు కోశాక మూతి కిందికి పెట్టి లోపలి బర్ర్ (కోసినచోట లేచిన రాగి అంచు) గీకాలి, లేకపోతే రాగి పొడి లోపలికి పోతుంది. ఫ్లేర్ చేసే (పైపు అంచును గంటలా విప్పే) ముందే నట్టు ఎక్కించాలి (నవ్వకండి, మర్చిపోయి మళ్లీ కోసేవాళ్లు బోలెడు మంది). బిగింపు బలం (టార్క్) పావు ఇంచి నట్టుకు 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు, అర ఇంచికి 50 నుంచి 60. టార్క్ రెంచ్ లేకుండా బలం కొద్దీ బిగిస్తే ఫ్లేర్ పలచబడి రెండు వేసవులు తిరక్కుండానే చీలుతుంది. ఆ తర్వాత నైట్రోజన్ ఎక్కించి లీకు చూడ్డానికి సబ్బునురుగు, ఆపైన వాక్యూమ్, అంటే లోపలి గాలి, తేమ పంపుతో లాగేయడం.

అసలు మోసం ఇక్కడే. ఔట్‌డోర్ వాల్వు కొంచెం తెరిచి, యూనిట్‌లో గ్యాసుతోనే గాలి తోసేసి అయిపోయింది అంటారు. పైపులో గాలి మిగిలితే హెడ్ ప్రెషర్ (కంప్రెసర్ నుంచి బయటికొచ్చే వైపు ఒత్తిడి) పెరిగి కూలింగ్ పడిపోతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. తేమ మిగిలితే కంప్రెసర్ ఆయిల్‌తో కలిసి యాసిడ్ అవుతుంది, కంప్రెసర్ మోటారు వైండింగ్ తినేస్తుంది. అది రెండు మూడేళ్లకు బయటపడుతుంది కాబట్టి అప్పటికి బిగించినవాడు ఎవరో ఎవరికీ గుర్తుండదు. పైగా ఆర్32కి అంటుకునే గుణం కూడా ఉంది, ఊరికే వదలకూడదు.

సరైన పద్ధతి: పంపుతో లోపలి ఒత్తిడిని 500 మైక్రాన్ల (వాక్యూమ్ కొలత) కిందికి దించాలి, పంపు వేరు చేసి పది నిమిషాలు గేజ్ చూడాలి. కొంచెం ఎక్కి ఆగితే తేమ. ఆగకుండా ఎక్కుతూనే ఉంటే లీకు. ఇది చూపించి బిల్లు రాసేవాడికి ఆగస్టులో కూడా ఫోన్ వస్తుంది.

గేజ్_మానిఫోల్డ్:
పద్ధతి కరెక్టే, ఎవరూ కాదనరు. కానీ కాల్‌కి ఇంత అని ఇచ్చేచోట గంట పని రెండున్నర గంటలు చేస్తే ఆ రోజు సగం కాల్స్ పోతాయి. డీలరు అడిగేది ఎన్ని పూర్తయ్యాయి అనే. వాక్యూమ్ పంపు, టార్క్ రెంచ్, తూకం మిషన్, మైక్రాన్ గేజ్ అన్నీ సొంతంగా కొనుక్కోవాలంటే పాతిక ముప్పై వేలు. కొత్త కుర్రాడు ఎక్కడ తెస్తాడు?

అమ్మోనియా_వాసన:
ఇద్దరూ స్ప్లిట్ దగ్గరే ఆగిపోయారు. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలు, భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లు వేసవితో నిమిత్తం లేకుండా నడుస్తాయి. రొయ్య లోపలిదాకా మైనస్ 18కి రావాలి, మిషన్ ఆగితే సరుకు పోతుంది. అక్కడ మెకానిక్‌కి ఖాళీ సీజన్ ఉండదు.

కాకపోతే అది వేరే చదువు. పెద్ద ప్లాంట్లలో గ్యాస్ అమ్మోనియా. రాగిని, ఇత్తడిని తినేస్తుంది కాబట్టి పైపులన్నీ ఇనుము. గేజ్ కూడా అమ్మోనియాది వేరే పెట్టుకోవాలి. ఇవాపరేటర్‌లో (చలి పుట్టించే కాయిల్‌లో) ఆయిల్ చేరితే కూలింగ్ పడిపోతుంది, దాన్ని దించేటప్పుడే ఎక్కువ ప్రమాదాలు. ఆయిల్‌తోపాటు ద్రవ అమ్మోనియా చిమ్ముతుంది, మాస్క్ లేకుండా ఒక్కడే వెళ్లి వాల్వు తిప్పకూడదు. ఈ పని వచ్చినవాళ్లు తక్కువ. వచ్చినవాణ్ణి యజమాని వదులుకోడు.

చిల్లర్_నైట్‌షిఫ్ట్:
హైదరాబాద్ వైపు అదే లెక్క ఫార్మాకి. జీడిమెట్ల, పాశమైలారం, జడ్చర్ల, అటు విశాఖ దగ్గర పరవాడ. టాబ్లెట్ గదికీ బయటి వరండాకీ మధ్య గాలి ఒత్తిడిలో 10 నుంచి 15 పాస్కల్స్ తేడా ఉండాలి. ఏహెచ్‌యూ (గదికి చల్లగాలి పంపే యూనిట్) ఫిల్టర్ మూసుకుపోయి ఆ తేడా పడిపోతే బ్యాచ్ మీదే విచారణ. డిసెంబరులోనూ అంతే.

చిల్లర్ (నీళ్లు చల్లబరిచే పెద్ద మిషన్) ప్లాంటులో రీడింగ్ రాసేవాడు వేరు, చదివేవాడు వేరు. కండెన్సర్‌లో (గ్యాస్ వేడిని నీళ్లకు వదిలేచోట) గ్యాస్ ఉష్ణోగ్రతకీ బయటికొచ్చే నీటికీ మధ్య తేడా శుభ్రంగా ఉన్నప్పుడు ఒకటి రెండు డిగ్రీలు. బోరు నీళ్ల సున్నం ట్యూబుల్లో పట్టిందంటే నాలుగు ఐదుకు పోతుంది. ఆ అంకె రోజూ పక్కపక్కన రాసుకుంటే ట్రిప్ కాకముందే ట్యూబులు కడిగించొచ్చు. దాన్ని గమనించే కుర్రాడు ఆపరేటర్ నుంచి సూపర్‌వైజర్ అవుతాడు. విశాఖలో గూగుల్ డేటా సెంటర్ 2025 అక్టోబరులో ప్రకటించారు, అలాంటి చోట్ల కూడా కావలసింది ఈ చెయ్యే.

గేజ్_మానిఫోల్డ్:
నైట్‌షిఫ్ట్ అన్నా, అందులో ఎంతమంది కంపెనీ రోల్ మీద, ఎంతమంది కాంట్రాక్టర్ కింద పన్నెండు గంటల డ్యూటీ? అది కూడా చెప్పాలి.

చిల్లర్_నైట్‌షిఫ్ట్:
మొదట్లో ఎక్కువమంది కాంట్రాక్టర్ కిందే. ఒప్పుకుంటా. పీఎఫ్ కడుతున్నాడా లేదా చూసుకుని చేరాలి.

దమ్మామ్_డక్ట్:
జగిత్యాల, నిజామాబాద్ దిక్కు పిల్లలు ఇటు వచ్చుడు గురించి కూడా చెప్పాలె. గల్ఫ్‌ల ఏసీ పనికి సీజన్ లేదు, నిజమే. గని వీసా మీద ఏం రాసిందో చూసుకోండ్రి. హెచ్‌వీఏసీ (ఏసీ, వెంటిలేషన్) టెక్నీషియన్, గాలి గొట్టాలు బిగించే డక్ట్‌మ్యాన్, చిల్లర్ మెకానిక్ మూడూ వేరు. "లేబర్" అని రాసిన వీసా మీద వస్తే మెకానిక్ పని చేసినా లేబర్ జీతమే, కంపెనీ మారుడు కష్టం. రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోవాల్సింది 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. లక్షలు అడిగినోని దగ్గరికి పోవద్దు. పదో తరగతి పాసైతే పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తిప్పలు తప్పుతయి, ఆ మెమో జాగ్రత్త.

పదో_తరగతి_నాన్న:
ఇవన్నీ ఐటీఐలో నేర్పుతారా? లేక నేరుగా ఎవరి దగ్గరైనా హెల్పర్‌గా పెట్టడం మేలా?

ఐదొందల_మైక్రాన్:
హెల్పర్‌గా పెడితే రెండేళ్లలో గ్యాస్ నింపడం వస్తుంది, ఎందుకు తగ్గిందో వెతకడం రాదు. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం మారుతూనే ఉంటుంది కాబట్టి ప్రెషర్ చూసి నింపడం కుదరదు. ఖాళీ చేసి, వాక్యూమ్ చేసి, నేమ్ ప్లేట్ మీదున్న గ్రాముల లెక్కన తూకం వేసి నింపాలి. పీసీబీ (సర్క్యూట్ బోర్డు) మీద 300 వోల్టుల పైన డీసీ ఉంటుంది, స్విచ్ ఆపిన తర్వాతా కెపాసిటర్లో నిలుస్తుంది, మీటర్ పెట్టి చూడకుండా ముట్టకూడదు. కరెంటు సంగతి తెలియని హెల్పర్‌కి ఇది ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. పాత ఏసీల గ్యాసు ఆర్22ని 2030 నాటికి మానేయాలి, అంటే పాత లెక్కలతో బతికేవాళ్లకు ఎక్కువ రోజులు లేవు.

ఐటీఐలో సీటు తీసుకునే ముందు ల్యాబ్ చూడండి. ఆర్32 ఇన్వర్టర్ స్ప్లిట్ ఉందా, నైట్రోజన్ సిలిండర్ నిండుగా ఉందా, రాగి పైపులు అతికే బ్రేజింగ్ సెట్ పిల్లల చేతికి ఇస్తున్నారా అడగండి.

గేజ్_మానిఫోల్డ్:
అక్కడ దుమ్ముపట్టిన విండో ఏసీ ఒక్కటే కనిపిస్తే?

అమ్మోనియా_వాసన:
అప్పుడు కూడా సర్టిఫికెట్ కోసం చేర్చండి, ఐటీఐ అయ్యాక ఏడాది అప్రెంటిస్‌షిప్ మాత్రం సర్వీస్ సెంటర్లో కాకుండా ప్లాంటులో చూడండి. స్ప్లిట్ నేర్చుకోవడానికి ఎప్పుడైనా వేసవి వస్తుంది. కంప్రెసర్ విప్పి బేరింగ్ మార్చేటప్పుడు పక్కన నిలబడే అవకాశం మళ్లీ మళ్లీ రాదు.

గేజ్_మానిఫోల్డ్:
అది ఒప్పుకుంటా. స్టైపెండ్ ఎంతో కాగితం మీద రాయించుకోమనండి.