డేటా సెంటర్ల కోసం వేసే లైన్ల ఖర్చు మన కరెంటు బిల్లులో ఎందుకు?

ఫ్రెడరిక్‌వాసి: మేరీలాండ్‌లో మా కౌంటీ మీదుగా 500 కేవీ లైన్ వేస్తామంటున్నారు. మేరీలాండ్ పీడ్‌మాంట్ రిలయబిలిటీ ప్రాజెక్టు (ఎంపీఆర్‌పీ), దాదాపు 67 మైళ్లు. ఎటు చూసినా పొలాల కంచెలకు 'స్టాప్ ఎంపీఆర్‌పీ' బోర్డులే. కరెంటు ఆకలి ఎక్కువగా నది అవతల వర్జీనియా డేటా సెంటర్లది. టవర్లు మాకు, పన్నుల ఆదాయం వాళ్లకు. పైగా ఖర్చులో మాకూ వాటా! అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే.

ఆష్‌బర్న్ అన్న: కోపం సరే గానీ, ఆ డేటా సెంటర్ల పన్నుల వల్లే వర్జీనియాలోని మా లౌడన్ కౌంటీలో ఇంటి పన్ను రేటు తగ్గుతూ వచ్చింది. మనవాళ్లు చాలామంది బతికేది క్లౌడ్ ఉద్యోగాల మీదే. రాత్రీ పగలూ వాడే పెద్ద కస్టమర్ ఉంటే లైన్ ఖర్చు ఎక్కువ యూనిట్ల మీద సర్దుకుని, తలా కొంచెమే పడుతుంది.

గ్రిడ్‌లో పనిచేస్తా: ఆ 'ఉంటే' దగ్గరే వస్తుంది చిక్కంతా. లైన్ ఖర్చు దశాబ్దాలపాటు వసూలవుతుంది. కంపెనీ మధ్యలో మనసు మార్చుకున్నా టవర్ మాత్రం లేచి వెళ్లదు. ఒకే సెంటర్ కోసం నాలుగు రాష్ట్రాల్లో కరెంటు కనెక్షన్‌కి అర్జీ పెట్టేవాళ్లూ ఉన్నారు, ఆ కాగితాలన్నీ నమ్మి లైన్లు వేస్తే అంతే సంగతులు. ఒహాయోలో 2025లో కొత్త డేటా సెంటర్లకు ఒక షరతు పెట్టారు: అడిగిన కరెంటులో వాడినా వాడకపోయినా కనీసం 85 శాతానికి 12 ఏళ్ల వరకు కట్టాలి. దెబ్బకి 30 గిగావాట్ల అర్జీలు 13 గిగావాట్లకు దిగాయి! వర్జీనియాలో కూడా 25 మెగావాట్లు దాటిన కొత్త కస్టమర్లకు 14 ఏళ్ల ఒప్పందం, అడిగిన కరెంటులో కనీసం 85 శాతానికి లైన్ల చార్జీ కట్టాలి. 2027 జనవరి నుంచి అమలు.

ఫ్రెడరిక్‌వాసి: బాగుంది, కానీ వర్జీనియా షరతు కాపాడేది వర్జీనియా బిల్లుల్ని. మేరీలాండ్, వర్జీనియా సహా 13 రాష్ట్రాలకు కరెంటు చేరవేసే పీజేఎం అనే ఉమ్మడి గ్రిడ్‌లో పెద్ద లైన్ల ఖర్చులో సగం అందరి మీదా వాడకాన్ని బట్టి పడుతుంది కదా. మా వాటా సంగతేంటి?

గ్రిడ్‌లో పనిచేస్తా: నిజమే. అది మారాలంటే ఫెర్క్, అంటే కేంద్ర స్థాయి విద్యుత్ నియంత్రణ సంస్థ, ఒప్పుకోవాలి. రాష్ట్ర కమిషన్ల చేతిలో లేదు.

ఆష్‌బర్న్ అన్న: 85 శాతం నాకూ ఓకే. పాతబడ్డ లైన్లు మార్చే ఖర్చు కూడా డేటా సెంటర్ల నెత్తినే రుద్దితేనే ఒప్పుకోను.

విశాఖ కుర్రాడు: మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మా ఊళ్లో గూగుల్ గిగావాట్ సెంటర్ పెడుతోంది, 5 ఏళ్లలో 1500 కోట్ల డాలర్లట. ఉద్యోగాల మాట వింటున్నాం గానీ, లైన్ల ఖర్చు మాట ఎవరూ ఎత్తడం లేదు. ఏపీఈఆర్‌సీ (ఏపీ విద్యుత్ నియంత్రణ మండలి) ఏటా కరెంటు టారిఫ్ మీద జనం అభిప్రాయాలు తీసుకుంటుంది. ఒహాయో లాంటి కనీస చెల్లింపు షరతు కోసం అక్కడ అర్జీ పెడదామనుకుంటున్నా. గ్రిడ్ అన్నా, డ్రాఫ్ట్ ఒకసారి చూసిపెడతారా?