రోదసికి వెళ్ళొచ్చిన జంతువు వేషం: ఏ జంతువైతే బాగుంటుంది?

తెలుగు మాస్టారు, విద్యారణ్యపుర (బెంగళూరు)

నమస్కారమండీ. ప్రొద్దుటూరులో సైన్సు టీచరుగా రిటైరై ఇప్పుడు అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఆదివారాలు మా అపార్ట్‌మెంట్ పిల్లలకు తెలుగు చెబుతాను. బడిలో ఇంగ్లీషు, కింద ఆటల్లో కన్నడం, తెలుగు వినబడేది అమ్మానాన్నలు ఆఫీసు నుంచి వచ్చాకే. ఇలాంటి పిల్లల నోట తెలుగు ధారాళంగా రావాలంటే బట్టీ పట్టించడం కంటే వేషం కట్టించడం మేలని నా నమ్మకం.

ఆగస్టు 23న జాతీయ అంతరిక్ష దినోత్సవం కదా. ఆ సాయంత్రం రెండో తరగతి చదివే మా మనవరాలు రోదసికి వెళ్ళొచ్చిన జంతువుగా మూడు నిమిషాలు కబుర్లు చెప్పాలి. హుషారుగా, నవ్విస్తూ సాగాలి.

అందరికీ ముందు గుర్తొచ్చేది లైకా. మాస్కో వీధికుక్క, 1957 నవంబర్ 3న స్పుత్నిక్-2లో వెళ్ళింది. దాన్ని తిరిగి దించే ఏర్పాటే ఆ నౌకలో లేదు. కొన్ని గంటల్లోనే వేడికి ప్రాణం పోయిందన్న సంగతి 2002లో గానీ బయటపడలేదు. అలాంటి కుక్క చేత "పైన భలే ఉంది పిల్లలూ" అనిపించడానికి నాకు చెయ్యి రావడం లేదు. పిల్లలు విన్నదంతా నమ్ముతారు. అందుకని ఆ జంతువు బతికి తిరిగి రావాలి, అది చెప్పే ప్రతి మాటా దానికి నిజంగా జరిగి ఉండాలి. సరదా ఎంతైనా ఉండనివ్వండి, అబద్ధం మాత్రం వద్దు. ఎవరికైనా తడితే చెప్పండి.

మారతహళ్ళి లక్ష్మి

మాస్టారూ, బెల్కా, స్త్రెల్కా ఉన్నాయి కదండీ! 1960 ఆగస్టు 19న బయల్దేరి, భూమి చుట్టూ తిరిగి, మర్నాడు క్షేమంగా దిగిన కుక్కలు. తోడుగా ఒక కుందేలు, ఎలుకలు, ఈగలు కూడా వెళ్ళాయి. తర్వాత స్త్రెల్కాకు ఆరు పిల్లలు పుడితే, అందులో పుషింకా అనేదాన్ని 1961లో సోవియట్ నేత కృశ్చేవ్ అమెరికా అధ్యక్షుడు కెనడీ ఇంటికి బహుమతిగా పంపాడు. "మా అమ్మాయిని అమెరికా పంపాం, వైట్‌హౌస్‌లో ఉంటోంది" అని మీ మనవరాలు చెబితే మన తెలుగు సభ చప్పట్లు ఆపదు.

హామ్ అనే చింపాంజీని మాత్రం తీసుకోవద్దండీ. 1961 జనవరి 31న వెళ్ళి బతికే వచ్చింది. నీలం దీపం వెలగ్గానే మీట లాగాలి. లాగితే అరటిపండు రుచి బిళ్ళ, ఆలస్యమైతే అరికాలికి షాక్. ఫొటోలో నవ్వుతున్నట్టు కనిపిస్తుంది గానీ, చింపాంజీలు భయపడినప్పుడే అలా పళ్ళు బయటపెడతాయి. ఆ ఫొటో చూపించి పిల్లల్ని నవ్వించడం నాకైతే ఇష్టం లేదు.

పెరంబూరు రమణ (చెన్నై)

చంద్రుణ్ణి చుట్టి వచ్చిన తాబేళ్ళను మర్చిపోయారు! 1968 సెప్టెంబర్‌లో సోవియట్ వాళ్ళ జోండ్-5 నౌకలో వెళ్ళాయి. అపోలో-8లో మనుషులు చంద్రుడి దగ్గరికి చేరడానికి ఇంకా మూడు నెలలుంది. అంటే తాబేలే ముందు! పైగా నౌక దిగింది మన హిందూ మహాసముద్రంలో. ఓడలో బొంబాయి తెచ్చి, అక్కడి నుంచి విమానంలో మాస్కో తీసుకెళ్ళారు. పదో వంతు బరువు తగ్గినా ఆకలి మాత్రం బాగా ఉందట. నెమ్మదిగా నడిచే తాబేలు చంద్రుడి దాకా వెళ్ళి బొంబాయి రేవులో దిగిందంటే అంతకంటే హుషారైన కథ ఏముంటుందండీ?

తెలుగు మాస్టారు, విద్యారణ్యపుర

లక్ష్మిగారూ, పుషింకా మాట చదివి మా ఆవిడ కూడా నవ్వింది. అయితే నాలుగో చుట్టులో బెల్కా వాంతి చేసుకుంది. చెబితే అదీ చెప్పాలి. హామ్ ఫొటో గురించి మీరన్నది అక్షరాలా నిజం.

రమణగారూ, తాబేలు నాకూ ఎంతో నచ్చింది. బొంబాయి సంగతి పిల్లలకు తప్పకుండా చెబుతాను. కానీ మాస్కో చేరాక శాస్త్రవేత్తలు వాటిని కోసి పరీక్షించారు. 1963 అక్టోబర్‌లో ఫ్రాన్స్ వాళ్ళు పంపిన ఫెలిసెట్ అనే పిల్లిదీ అదే కథ. క్షేమంగా దిగింది, తర్వాత మెదడు పరీక్ష కోసం చంపేశారు. తిరిగొచ్చినా దక్కలేదంటే మనసు చివుక్కుమంటుంది. మనకు ఆకాశం తెలియడానికి ఈ మూగజీవాలు ఎంత ఇచ్చాయో పిల్లలు పెద్దయ్యాక తెలుసుకోవాలి. దాన్ని రెండో తరగతి పిల్లతో నవ్వుతూ చెప్పించలేను. ఇంకేదైనా ఉందా?

యశ్వంతపుర బయాలజీ స్టూడెంట్

మాస్టారూ, మీక్కావాల్సిన జంతువు మన బెంగళూరు గోడ మీదే ఉంది. టార్డిగ్రేడ్, నీటి ఎలుగుబంటి! పొడవు సాధారణంగా అర మిల్లీమీటరు అటూ ఇటూ, ఎనిమిది కాళ్ళు, చివర గోళ్ళు. వాన పడ్డాక గోడకు పట్టే పాచిలో ఉంటుంది. పాచి ఎండిపోతే కాళ్ళు లోపలికి ముడుచుకుని చిన్న ఉండలా అయిపోతుంది. ఒంట్లో పనులన్నీ దాదాపు ఆగిపోతాయి. నీటి చుక్క తగిలితే మళ్ళీ లేచి పాకుతుంది. 2007లో ఫోటాన్-ఎం3 నౌకలో పంపి, గాలి లేని రోదసిలో నేరుగా వదిలితే, వాటిలో చాలావరకు తిరిగొచ్చాక మేలుకున్నాయి. అతినీలలోహిత కిరణాలు కూడా తగిలినవే బాగా దెబ్బతిన్నాయి.

ఆ కిరణాలకూ మన ఊళ్ళో జవాబు దొరికింది. 2020లో ఇక్కడి ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) పరిశోధకులు పాచిలో దొరికిన ఒక రకం గురించి రాశారు. అది ఆ కిరణాలను పీల్చుకుని, హాని చెయ్యని నీలి వెలుగుగా బయటికి వదులుతుంది. ల్యాబ్‌లో ఆ కిరణాల దీపం కింద పెడితే నీలంగా మెరుస్తుంది!

2025 జూన్ 25న మన వ్యోమగామి శుభాంశు శుక్లా వెళ్ళినప్పుడు మన దేశపు టార్డిగ్రేడ్లు కూడా అంతరిక్ష కేంద్రానికి వెళ్ళాయి. నిద్రలో ఉన్నవాటిని అక్కడ లేపి, బతుకుతున్నాయా, గుడ్లు పెడుతున్నాయా అని చూడటమే ఆ ప్రయోగం.

తెలుగు మాస్టారు, విద్యారణ్యపుర

అమ్మాయ్, ఎంత మంచి మాట చెప్పావు! మనవరాలికి చదివి వినిపిస్తే "తాతా, నేను ఇదే" అని ఎగిరి గంతేసింది. ఇద్దరం కూర్చుని రాశాం. చూడండి:

"అందరికీ నమస్కారం! నేను నీటి ఎలుగుబంటిని. మాది బెంగళూరే. మీ కాంపౌండు గోడ మీద పాచి ఉంది చూశారా, అదే మా అడవి. వాన పడితే మాకు పండగ, ఎండ కాస్తే మాకు నిద్ర.

మా వాళ్ళు రోదసికి వెళ్ళారు! రాకెట్టు ఎలా మోగిందని అడక్కండి, మేం నిద్రపోతున్నాం. పైనుంచి భూమి ఎలా ఉందని కూడా అడక్కండి. మీకున్నలాంటి కళ్ళు మాకు లేవు. అది శుక్లా అంకుల్‌ని అడగండి. అక్కడ రోజుకు 16 సార్లు సూర్యుడు ఉదయిస్తాడట. బడి బెల్లు కూడా 16 సార్లు కొడతారేమో, అమ్మో!

మమ్మల్ని లేపారు. లేపి ఏం చేశారో తెలుసా? గుడ్లు పెట్టామా లేదా అని లెక్కపెట్టారు! ఇంత చిన్నవాళ్ళ గుడ్లు లెక్కపెట్టడానికి ఎంత పెద్ద రాకెట్టు వేసుకెళ్ళారో! అక్కడ మనుషులకు కాళ్ళు నేలకు ఆనవు. రెండే కాళ్ళు కదా పాపం. మాకు ఎనిమిది, గోళ్ళతో సహా. ఏది దొరికితే దాన్ని పట్టుకుంటాం.

ఇంకో మాట. గోడ కడిగేటప్పుడు కొంచెం పాచి వదిలెయ్యండి. ఈసారి రాకెట్టెక్కేది ఆ మూల ఉన్న మా పిన్నేమో!"

బెల్లు మాట, పిన్ని మాట పూర్తిగా దానివే, నేను ముట్టుకోలేదు. వేషానికి దాని కాళ్ళూ చేతులూ నాలుగు పోగా, మా కోడలు పాత సాక్సుల్లో దూది కూరి ఇంకో నాలుగు కుడుతోంది. ఒక్క సందేహం. వెనక జత కాళ్ళు మిగతావాటిలాగే ఉంటాయా?

యశ్వంతపుర బయాలజీ స్టూడెంట్

చదువుతుంటే ఎంత సంతోషమేసిందో మాస్టారూ! వెనక జత ఒంటి చివర వెనక్కి తిరిగి ఉంటుంది, దాంతో పాచిని గట్టిగా పట్టుకుంటుంది. ఆ రెండు సాక్సులు నడుము వెనక కుట్టించండి. ఆదివారం మా చిన్న మైక్రోస్కోప్ తెస్తాను. శనివారం రాత్రే పిల్లల చేత గోడ పాచి తీయించి, గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టించండి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, వాన నీళ్ళయితే మంచిది.