అమ్ముడుపోయాక... కొన్నవాడికా, కొన్నదానికా?

విశాఖ పాఠకురాలు:
సైమన్ కామెరాన్ అన్నాడని చెప్పుకునే మాటకు తెలుగు ఒకటి సగమే గుర్తుంది. "అమ్ముడుపోయాక కొన్న...కే కట్టుబడి ఉండేవాడే నిజాయతీ గల నాయకుడు." మధ్యలో ఉన్నది "వాడి"యో "దాని"యో తేలడం లేదు. పాత వారపత్రికలో చదివిన జ్ఞాపకం. సరైన పాఠం ఎవరికైనా తెలుసా?

తెనాలి మాస్టారు:
"కొన్నవాడికే" అమ్మా, సందేహం లేదు. కామెరాన్ అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్ర రాజకీయాన్ని గుప్పిట్లో పెట్టుకున్నవాడు. 1861లో లింకన్ దగ్గర యుద్ధమంత్రి అయ్యాడు. సైన్యం కాంట్రాక్టుల్లో అవినీతి ఆరోపణలు ముదిరి, 1862 జనవరిలో పదవి వదిలి రాయబారిగా రష్యాకు వెళ్లవలసి వచ్చింది. ఆ రోజుల్లో నాయకులను కొన్నది గుర్రాల వ్యాపారులూ తుపాకుల వ్యాపారులూ. మనుషులు కాబట్టి మహద్వాచకమే, అంటే "వాడు" రూపమే రావాలి.

వ్యాకరణప్రియ:
మాస్టారూ, తనకు సంబంధం ఉన్న రైలు కంపెనీకి సైనిక రవాణా కట్టబెట్టాడన్న ఆరోపణ కూడా ఆయన మీద ఉంది. కంపెనీ అమహత్తు, అంటే "అది" అనిపించుకునేది. "కంపెనీ కొన్నది" అంటాం గాని "కంపెనీ కొన్నాడు" అనం. "కొన్నదానికే" అన్నదే నిలిచే పాఠం.

కడప నుంచి:
"కొన్నదానికే" అంటే చదివేవారికి ముందు తోచేది సరుకు, కొనుగోలుదారు కాదు. "నేను కొన్నది" అంటే వస్తువు, "నన్ను కొన్నది" అంటే కొన్న సంస్థ. క్రియ నుంచి పుట్టిన "కొన్న" వంటి మన ధాతుజ విశేషణం రెండు వైపులా నడుస్తుంది. మూలంలో "తనను కొన్నదానికే" అని ఉండి ఉంటుందని నా ఊహ.

తెనాలి మాస్టారు:
"తనను" చేరిస్తే వాక్యం కుంటుతుంది. ఈ మాటకు పదునంతా క్లుప్తతలోనే ఉంది. కామెరాన్ గురించే ఇంకో కథ చెబుతారు. ఆయన దొంగతనం చేస్తాడా అని లింకన్ అడిగితే, "ఎర్రగా కాలిన పొయ్యినైతే ఎత్తుకుపోడు" అన్నాడట పెన్సిల్వేనియా కాంగ్రెస్ సభ్యుడు థాడియస్ స్టీవెన్స్. కామెరాన్ నొచ్చుకుని ఆ మాట వెనక్కి తీసుకోమంటే, "సరే, ఎత్తుకుపోడన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాడట. ఒక్క అక్షరం ఎక్కువైనా ఆ దెబ్బ తగలదు.

డల్లాస్ నుంచి:
ఈ మహత్తు, అమహత్తు తగాదా ఇక్కడి కోర్టుల్లో ఎప్పటినుంచో ఉంది. పద్నాలుగో రాజ్యాంగ సవరణ 1868లో వచ్చింది, బానిసత్వం నుంచి బయటపడ్డవారి రక్షణకు. 1886లో శాంటా క్లారా కౌంటీకీ సదరన్ పసిఫిక్ రైలు కంపెనీకీ మధ్య నడిచిన కేసులో, ఆ సవరణ కంపెనీలకూ వర్తిస్తుందన్న మాట అచ్చయింది. అది అసలు తీర్పులో లేదు, కోర్టు నివేదకుడు తీర్పు పైన రాసిన సారాంశంలో ఉంది. తర్వాతి తీర్పులు దాన్నే పట్టుకున్నాయి. 2010లో సిటిజన్స్ యునైటెడ్ కేసులో 5-4 మెజారిటీతో, ఎన్నికల ప్రచారానికి కంపెనీలు సొంతంగా ఎంతైనా ఖర్చు పెట్టవచ్చని తేల్చారు.

హక్కు అడిగేటప్పుడు కంపెనీ "వాడు", జైలు మాట రాగానే "అది". మత్తుమాత్రల వ్యవహారంలో పర్డ్యూ ఫార్మా అనే మందుల కంపెనీ 2020లో నేరం ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు వల్ల యజమానుల్లో ఒక్కరూ జైలుకు వెళ్లలేదు. ఎన్ని ఇళ్లు పాడయ్యాయో చూసినవాళ్లం, నాకు ఇది వట్టి వ్యాకరణంగా కనిపించడం లేదు. "కొన్నవాడికే" అన్న పాఠమే కావాలంటాను. "వాడు" అనిపించుకున్నవాడు మనిషిలాగే జవాబు చెప్పాలి.

హన్మకొండ పోతనాభిమాని:
అందరూ "కొన్న" దగ్గర ఆగిపోయారు, "అమ్ముడుపోయాక" సంగతి చూడండి. ఆ క్రియలో కొనేవాడు కనిపించడు, తప్పంతా పోయినవాడిదే. భాగవతాన్ని రాజులకు ఇవ్వనన్న పద్యంలో మన పోతన ఆ క్రియ జోలికే వెళ్లలేదు. "ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి" అన్నాడు, "సొమ్ములు గొన్ని పుచ్చుకొని" అన్నాడు. అమ్మడం, కొనడం అన్న మాటే లేదు. ఇచ్చింది ఎవరికో, పుచ్చుకున్నది ఏమిటో మాత్రం స్పష్టంగా ఉంది. ఇచ్చేవాడినీ పుచ్చుకునేవాడినీ ఒకే పద్యంలో నిలబెట్టిన కవి ఇంకెవరున్నారు?

డల్లాస్ నుంచి:
ఆ "ఇచ్చి", "పుచ్చుకొని" అనే క్త్వార్థకాల వరుస మీద ఇక్కడ ఏకంగా సుప్రీంకోర్టు తీర్పే వచ్చింది. ఇండియానా రాష్ట్రంలో పోర్టేజ్ అనే ఊరి మేయరు హయాంలో చెత్తబండ్ల కాంట్రాక్టులు ఒక కంపెనీకి దక్కాయి. తర్వాత 2014లో ఆ కంపెనీ నుంచి ఆయనకు 13,000 డాలర్లు అందాయి. సలహాలు ఇచ్చినందుకు రుసుము అన్నాడు. 2024 జూన్‌లో 6-3 మెజారిటీతో కోర్టు చెప్పింది ఇదీ: లంచాల మీద ఉన్న కేంద్ర చట్టం పనికి ముందు కుదుర్చుకున్న లంచాన్నే నేరంగా చూస్తుంది, పని అయ్యాక ఇచ్చే కానుక దాని కిందికి రాదు. పోతన పద్యంలోనూ ముందు "ఇచ్చి", తర్వాతే "పుచ్చుకొని". అయినా ఆయన, చచ్చాక యముడి సమ్మెట దెబ్బలు తప్పవన్నాడు. ఆ న్యాయమూర్తులకంటే పోతనే నాకు నచ్చాడు.

వ్యాకరణప్రియ:
ఆ పద్యంలో "పుచ్చుకొని" తర్వాతి మాట "సొక్కి"యా, "చొక్కి"యా? నేను చదివిన ప్రతిలో "చొక్కి" ఉంది.

హన్మకొండ పోతనాభిమాని:
"సొక్కి". "సొమ్ములు"కు యతి సూటిగా కుదురుతుంది.

వ్యాకరణప్రియ:
స, చ లకు యతిమైత్రి ఉంది కదా, "చొక్కి" అన్నా చెల్లుతుంది. కాబట్టి తేల్చవలసింది అర్థమే. సొమ్ము చూసి పరవశించడమా, చివరికి సొమ్మసిల్లడమా? పక్కనే "శరీరము వాసి" ఉంది కాబట్టి సొమ్మసిల్లడమే అంటాను.

తెనాలి మాస్టారు:
పరవశించడమే. పుచ్చుకున్నవాళ్లు సొమ్మసిల్లడం నేనెక్కడా చూడలేదు. కామెరాన్‌నే చూడండి. 1867లో మళ్లీ సెనేట్‌కు వచ్చాడు, 1877లో కొడుక్కి ఆ స్థానం దక్కేలా చూసి తప్పుకున్నాడు, తొంభై ఏళ్లు బతికాడు. "సొక్కి" అయినా "చొక్కి" అయినా అర్థం మత్తే.