నాటుకోళ్లతో పాటు టర్కీ పిల్లలు: మూడు చనిపోయాయి, మిగిలిన అయిదింటిని ఎలా కాపాడుకోవాలి?

తెనాలి_పెరడు:

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా పెరట్లో పదకొండు నాటు పెట్టలు, రెండు పుంజులు, నాలుగు వనరాజా (పెరటి పెంపకానికి రూపొందించిన మేలు జాతి) కోళ్లు చాలాకాలంగా ఉన్నాయి. వర్షాలు మొదలైనప్పుడు సంతలో నెల వయసున్న ఎనిమిది టర్కీ పిల్లలను కొని, వాటిని కూడా అదే పెరట్లో వదిలాను. రాత్రి వేరే గంపల కింద కమ్ముతాను కానీ పగలంతా కోళ్లతో కలిసే తిరుగుతాయి, కలిసే నూకలు, తవుడు తింటాయి.

పదో వారంలో ఒక పిల్ల రెక్కలు వేలాడేసి, ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని ఒక మూల నిలబడిపోయింది. దాని రెట్ట పసుపు కలిపిన నీళ్లలా ఉంది. మూడో రోజుకు చనిపోయింది. తరువాతి పది రోజుల్లో మరో రెండు అదే విధంగా పోయాయి. నాకు అర్థం కానిది ఏమిటంటే, అదే నేల మీద, అదే మేత తింటున్న కోళ్లలో ఒక్కటి కూడా నలత పడలేదు. ఊళ్లో కొందరు కొక్కెర తెగులు అంటున్నారు, కానీ కోళ్లన్నింటికీ టీకా వేయించాను. ఇది రోగమా, మేతలో లోపమా? కోళ్లను, టర్కీలను ఒకే పెరట్లో పెంచడం అసలు సాధ్యమేనా? ఆ పిల్లలను చేతులతో సాకాను, మిగిలినవి కూడా పోతాయేమోనని భయంగా ఉంది.

పశువైద్యశాఖ_విశ్రాంత:

అమ్మా, మీరు చెప్పిన లక్షణాలన్నీ కలిపి చూస్తే నా మొదటి అనుమానం బ్లాక్‌హెడ్ అనే వ్యాధి మీదికే పోతుంది. పేరును బట్టి తల నల్లబడుతుందని అనుకుంటారు గాని, చాలా పిల్లల్లో అది కనిపించదు. గంధకం రంగు రెట్ట, మగత, కోళ్లు బాగుండి టర్కీలు మాత్రమే చనిపోవడం, ఈ మూడూ కలిసి రావడమే అసలు సూచన. కొక్కెర తెగులులో రెట్ట ఎక్కువగా ఆకుపచ్చగా ఉంటుంది, కొన్నింటికి మెడ మెలి తిరుగుతుంది. అయితే మీరు టీకా వేయించింది కోళ్లకే గాని టర్కీలకు కాదు కనుక, దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేము.

బ్లాక్‌హెడ్‌కు కారణం హిస్టోమోనాస్ అనే ఏకకణ పరాన్నజీవి. కోడి గుడ్డిపేగుల్లో (చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట ఉండే సంచుల్లాంటి పేగులు) ఉండే సన్నటి తెల్ల పురుగు తన గుడ్లలో దీన్ని మోస్తుంది. కోడికి సాధారణంగా పెద్ద బాధ ఉండదు, రెట్టతో పురుగు గుడ్లు మాత్రం నేల మీద పడుతూ ఉంటాయి, అవి మట్టిలో ఏళ్ల తరబడి చావకుండా ఉంటాయి. వానపాములు ఆ గుడ్లను మింగుతాయి, వానపాములను టర్కీలు ఇష్టంగా ఏరుకు తింటాయి. తెనాలి వైపు తడి నల్లరేగడిలో వర్షాకాలంలో వానపాములకు కొదవ ఉండదు గదా. ఒక టర్కీకి వచ్చాక పురుగుతో పనిలేకుండానే పక్కదానికి కూడా నేరుగా అంటుకుంటుంది కాబట్టి, నలతగా కనిపించినదాన్ని ఆ పూటే వేరు చేయండి.

మరొకటి చనిపోతే పాతిపెట్టవద్దు. సంచిలో కట్టి, మంచు గడ్డల మధ్య పెట్టి, అదే రోజు జిల్లా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు తీసుకువెళ్లండి. కాలేయం మీద గుండ్రంగా, మధ్యలో పల్లంగా ఉన్న మచ్చలు, గుడ్డిపేగుల్లో గట్టిపడిన పదార్థం కనిపిస్తే సందేహం చాలావరకు తీరిపోతుంది. కోళ్లకు నట్టల మందు వేయించండి, కానీ పైపరజీన్ అనే నట్టల మందు ఈ పురుగు మీద నమ్మదగినది కాదు. దానికి బదులు ఫెన్‌బెండజోల్ అనే మందు మోతాదును డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి. మందు వేశాక కూడా మట్టిలోని గుడ్లు అలాగే ఉంటాయి కనుక, టర్కీలను ఆ నేల నుంచి తప్పించడమే ముఖ్యం.

అనంత_కోళ్లు:

నేను అనంతపురం జిల్లాలో ఆరేళ్లుగా రెండింటినీ కలిపే పెంచుతున్నాను, నాకు ఈ జబ్బు ఎదురుకాలేదు. అందుచేత కలిపి పెంచడం అసాధ్యమని ఎవరైనా అంటే ఒప్పుకోలేను. నా నాటు పెట్టలే టర్కీ గుడ్లను పొదుగుతాయి. కోడిగుడ్లకు ఇరవై ఒక్క రోజులు చాలు, టర్కీ గుడ్లకు ఇరవై ఎనిమిది కావాలి కాబట్టి, టర్కీ గుడ్లను వారం ముందుగా పెట్టి తరువాత రెండు మూడు కోడిగుడ్లు కలుపుతాను. టర్కీ పిల్లకు మొదటి రోజుల్లో మేత, నీళ్లు ఎక్కడున్నాయో తెలియదు, పక్కన కోడిపిల్ల ముక్కుతో పొడుస్తుంటే చూసి నేర్చుకుంటుంది. నీళ్ల పళ్లెంలో రంగు గోళీలు వేసినా ఆ మెరుపును పొడవబోయి నీళ్లు తాగుతుంది.

మేత విషయంలో మాత్రం తెనాలి చెల్లెలు మార్పు చేయాలి. నూకలు, తవుడుతో కోడిపిల్ల నెట్టుకొస్తుంది గాని టర్కీ పిల్ల నెట్టుకురాదు. మొదటి వారాల్లో దానికి సుమారు ఇరవై ఎనిమిది శాతం మాంసకృత్తులున్న దాణా కావాలి. నేను దాణాతో పాటు ఉడికించిన గుడ్డు, సన్నగా తరిగిన ఉల్లికాడలు, చెదపురుగులు పెడతాను.

పశువైద్యశాఖ_విశ్రాంత:

మీ అనుభవాన్ని కాదనను, మేత గురించి మీరు చెప్పినది అక్షరాలా నిజం. కానీ మీది వాన తక్కువ పడే ఎర్ర నేల, ఎండకు త్వరగా ఆరిపోతుంది, వానపాములు తక్కువ. మీ కోళ్లలో ఆ పురుగు లేకపోయి ఉండవచ్చు కూడా. ఒక పెరట్లో సాగినది మరో పెరట్లో సాగుతుందని ఈ జబ్బు విషయంలో భరోసా ఇవ్వలేము, తెనాలిలో ఇప్పటికే మూడు పోయాయి.

డల్లాస్_తెలుగు:

మేము టెక్సాస్‌లో ఇంటి వెనుక రెండు రకాలనూ పెంచుతున్నాము, వేర్వేరు కంచెల్లోనే. ఇక్కడ ఈ వ్యాధిని నివారించడానికి నైటార్సోన్ అనే ఆర్సెనిక్ మందు ఒక్కటే అనుమతితో ఉండేది, 2015 చివరికి దాన్ని కూడా ఉపసంహరించారు. అప్పటినుంచి నేలను వేరు చేయడమే మాకున్న రక్షణ. కోళ్ల దొడ్లో తొడిగిన చెప్పులతో టర్కీల దగ్గరికి వెళ్లము, ఇది చిన్న విషయంగా కనిపించినా మానవద్దు.

తెనాలి_పెరడు:

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం అయిదు పిల్లలనూ డాబా మీదికి చేర్చి, సిమెంటు నేల మీద కొత్త వరి ఊక పరిచి, ఒక పక్క రేకుల నీడ, చుట్టూ వల కట్టించాను. పైకి వెళ్లడానికి వేరే చెప్పులు పెట్టాను. టర్కీ దాణా దొరకలేదు కనుక బ్రాయిలర్ పిల్లల దాణాలో ఉడికించిన గుడ్డు కలిపి పెడుతున్నాను. నాలుగు బాగానే తింటున్నాయి. ఒకటి మాత్రం ఉదయం నుంచి మెడ ముడుచుకుని నిలబడుతోంది, రెట్ట కొద్దిగా పసుపుగా ఉంది, దాన్ని అప్పుడే వేరే గంప కిందికి మార్చాను. రేపు ఆసుపత్రి తెరవగానే దాన్నీ, కోళ్ల రెట్ట నమూనానూ తీసుకుని వెళ్తున్నాను. డాక్టరుగారు చెప్పినది ఇక్కడ రాస్తాను.