"చల్లగా ఉంది" అంటే మైనస్ రెండా? సర్వే కోసం తెలుగు మాటలు కావాలి

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. మా చెల్లెలు ఆర్కిటెక్చర్ చదువుతోంది, నెల్లూరులో ఇళ్ళల్లో ఎండాకాలం జనం ఎట్టా తట్టుకుంటున్నారో సర్వే చెయ్యాలంట. ఇప్పుడు ఒంటికి ఎట్టా ఉందని ఒకటే ప్రశ్న, ఏడు జవాబులు, చలి వైపు మైనస్ మూడు నుంచి వేడి వైపు ప్లస్ మూడు దాకా, మధ్యలో సున్నా అంటే చలీ లేదు వేడీ లేదు అని. ఈ కొలబద్ద మీద డెన్మార్క్ ఆయన ఫాంగర్ 1970లో పుస్తకం రాశాడు, ఆరు సంగతులు తెలిస్తే మనిషికి ఎట్టా ఉంటుందో లెక్క కట్టొచ్చంటాడు: గాలి వేడి, గోడలూ కప్పూ కొట్టే సెగ, గాలి వేగం, తేమ, ఒంటిమీద బట్ట, చేసే పని. లెక్క సంగతి అది చూసుకుంటుంది, నా తిప్పలు తెలుగుతో. చలి, చల్లన, కొంచెం చల్లన, మామూలు, కొంచెం వెచ్చన, వెచ్చన, వేడి అని రాసి పక్కింటి అవ్వకి చూపిస్తే "చల్లగా ఉంటే ఇంకేం గావాల్నే అమ్మా" అంది. కాగితం మీద అది మైనస్ రెండు, అంటే ఇబ్బంది కింద లెక్క!

పెన్న ఒడ్డు: అవ్వ కరెక్టే కదన్నా. మనకి చల్లగా అనేది దీవెన, "పిల్లాపాపల్తో చల్లగా ఉండండి" అంటాం. చలి వేరు, చల్లన వేరు, ఒకే గీత మీద పక్కపక్కన పెడితే కుదరదు. వెచ్చన కూడా అంతే, అది దుప్పట్లో ఉండే సుఖం. మే నెల్లో నెల్లూరోడు ఎవుడన్నా "వెచ్చగా ఉండాది" అంటాడా? బానే ఉండాది అన్నోడు తర్వాత డైరెక్టుగా ఉడికిపోతన్నాం అంటాడు, మధ్య మెట్లు ఖాళీ.

ఒంగోలు గిత్త: ఉక్కపోత ఎక్కడ పెట్టావ్ సామీ? అసలుది అదే. మా ఒంగోల్లో సముద్రం పక్కన టెంపరేచర్ 36 ఉన్నా ఆకు కదలకపోతే చొక్కా ఒంటికి అంటుకుపోద్ది, అదే మార్కాపురం వైపు 42లో చెమట పట్టిందే తెలవదు, సాయంత్రానికి చొక్కా మీద తెల్లగా ఉప్పు చారలుంటై అంతే. చెమట ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది, గాలిలో తేమ నిండుగా ఉంటే అది ఆరదు, కారద్ది. అందుకే మనోళ్ళు ఉక్క "వేస్తంది" అనరు, "పోస్తంది" అంటారు, చెమట పోసినట్టే. ఒక్క గీత మీద ప్లస్ త్రీ అని టిక్ కొట్టిస్తే ఒంగోలు ఉక్కా మార్కాపురం వడగాడ్పూ ఒకటైపోతై.

కావలి టీచరమ్మ: ప్రశ్న ఎట్లా అడుగుతారో అది కూడా ముఖ్యం. "ఎట్టుంది?" అంటే "ఏముంది, ఎండలు మండిపోతున్నాయి" అని ఊరి సంగతి చెప్తారు. "మీకు చలేస్తోందా, ఉక్కపోస్తోందా" అనాలి, నాకు, మీకు అంటేనే ఒంటి సంగతి వస్తుంది. ఇంకోటి, సెగ మాట వదలొద్దు. మా మేడ మీద గదిలో రాత్రి తొమ్మిదింటికి థర్మామీటర్ ఏం చూపించినా సరే, పగలంతా కాగిన శ్లాబు నెత్తిన సెగ కొడుతుంటుంది. దాన్ని కొలవడానికి నల్ల రంగేసిన గుండు లోపల థర్మామీటర్ పెడతారు, మామూలు దానికి ఆ సెగ సరిగా అందదు.

పెన్న ఒడ్డు: అక్కా శ్లాబు మీద సున్నం కొట్టించండి ముందు.

రొయ్యల చెరువు: ఇంత గొడవెందుకు, ఏసీ 24లో పెడితే అందరూ సున్నానే.

ఒంగోలు గిత్త: కరెంటు బిల్లు నువ్వు కడతావా? ఆ 24 కూడా 2020 నుంచి ఏసీ కంపెనీలు డిఫాల్టుగా పెట్టాలని రూలు, అంతేగానీ అందరికీ అదే సుఖం అని కాదు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో 2008 ఎండాకాలం చేసిన స్టడీలో సుమారు 29 డిగ్రీల దగ్గర జనానికి సమంగా ఉందని తేలింది. అలవాటు పడ్డ ఒళ్ళు కదా. అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీ వాళ్ళు మన దేశానికని వేరే మోడలే చేశారు, బయట వేడి పెరిగే కొద్దీ లోపల సరిపోయే టెంపరేచరూ పెరుగుతుందని.

(పోస్ట్ పెట్టినాయన): అందరికీ థ్యాంక్స్. చెల్లి ఏడు మెట్లు మార్చకూడదంట, వేరే ఊళ్ళతో పోల్చాలి కాబట్టి. అయితే పక్కన ఇంకో ప్రశ్న పెట్టొచ్చంట, మూడే జవాబులు: ఇంకొంచెం చల్లగా ఉంటే బాగుణ్ణా, ఇట్టే చాలా, ఇంకొంచెం వెచ్చగా కావాలా. అవ్వ మనసులో మాట అక్కడ దొరికిపోద్ది. ఉక్క, సెగ రెండూ అవునా కాదా అని విడిగా అడుగుతుంది. ప్లస్ రెండుకి మాత్రం మాట ఇంకా దొరకలా.

కావలి టీచరమ్మ: ప్లస్ రెండు వేడి, ప్లస్ మూడు ఉడుకు అని పెట్టండి. ఉడుకునీళ్ళు అనేవాళ్ళం కదా, ఇక్కడ అందరికీ అర్థమవుద్ది.

రొయ్యల చెరువు: గుంటూరోళ్ళకి అర్థం కాదు.

ఒంగోలు గిత్త: సర్వే నెల్లూర్లో అబ్బాయ్.